మంచుకు తేలిన అక్షరాలు

ఇన్నేళ్ళ పనిలో నేను బండ్ల మీద ఒక్క స్టిక్కరూ అంటించలేదు. అన్నీ పీకాను. అంటించేవాళ్ళు వేరే ఉంటారు. వాళ్ళకి అద్దాల షాపు, రంగు లైట్లు, వచ్చినవాళ్ళు కూర్చోడానికి కుర్చీలు. పీకేవాడికి రేకుల షెడ్డు. తెనాలి నుంచి రేపల్లె పోయే రోడ్డులో, కాలువ గట్టు పక్కన, వాన పడితే లోపల కూడా పడే షెడ్డు ఒకటి నాకుండేది. ఇప్పుడు అక్కడ బిర్యానీ హోటల్ ఉంది. వెళ్ళి తిన్నాను. ఫర్వాలేదు.

ఈ పని నేర్పమని ఇప్పటికీ అప్పుడప్పుడు కుర్రాళ్ళు మా ఇంటికి వస్తారు. ఫోన్లో వీడియో చూసి వస్తారు. ఆ వీడియోలో చేతులకి తొడుగులు వేసుకున్నవాడు స్టిక్కర్ కొస పట్టుకుని లాగితే అరటితొక్కలా వచ్చేస్తుంది. అది కొత్త స్టిక్కర్ నాయనా. వారం కింద అంటించినదాన్ని ఎవడైనా పీకుతాడు. ఏళ్ళ తరబడి ఎండకి ఎండి, పెంకు కట్టి, గోరు పెడితే గోరే ఊడేదాన్ని పీకి చూపించమనండి వాణ్ణి.

మా దగ్గరికి బండి ఎందుకొస్తుందో చెబుతాను. కొన్న రోజు మనిషికి సరదా. తలుపుల వెంట మెరిసే బీడింగ్ కావాలి, కిటికీల మీద వాన పడకుండా వైజర్లు కావాలి, వెనక అద్దం మీద దేవుడు, పిల్లల పేర్లు, అభిమాన నటుడి మొహం, పార్టీ గుర్తు అన్నీ కావాలి. అమ్మే రోజు అవేవీ ఉండకూడదు. కొనేవాడికి వేరే పిల్లలుంటారు, వేరే నటుడుంటాడు. ఎన్నికల ఫలితాలు వచ్చిన మర్నాడు నాకు పండగ. ఓడినవాళ్ళు పొద్దున్నే వస్తారు. గెలిచినవాళ్ళ పక్కన నిలబడాలనుకునేవాళ్ళు మధ్యాహ్నానికి వస్తారు.

పీకడం పెద్ద విద్య కాదు. వేడి గాలి చూపించాలి, మెత్తబడ్డాక వెనక గాలం దారం దూర్చి అటూ ఇటూ రంపంలా లాగాలి. బీడింగ్ ఊడొస్తుంది. అసలు పని ఊడిన తరవాత మొదలవుతుంది. జిగురు. బ్లేడు పెట్టి గీకినవాడు రంగు పోగొట్టుకుంటాడు. పెట్రోలు పోసి తుడిచినవాడు ఒకచోట ఉన్న జిగురుని బండి మొత్తానికి పూసుకుంటాడు. థిన్నర్ కొంచెం గుడ్డకి అద్ది, ఒకే వైపుకి, ఓపిగ్గా తియ్యాలి. ఓపిక లేనివాళ్ళని నేను మొదటి రోజే ఇంటికి పంపేసేవాణ్ణి.

నాకు అక్షరాలు వచ్చింది నలభై దాటాక. చర్చి వెనక గదిలో ఒక టీచరమ్మ సాయంత్రాలు పెద్దవాళ్ళకి చదువు చెప్పేది. అంతకుముందు అక్షరాలు నాకు బొమ్మలే. సున్నా ఉన్నవి తేలిగ్గా ఊడతాయి, ఒత్తులున్నవి సతాయిస్తాయి, అంతవరకే తెలుసు. చదువు వచ్చాక నా పని మందగించింది. పీకే ముందు చదవడం మొదలుపెట్టాను.

షెడ్డులో నాతో ఒక పెయింటర్ ఉండేవాడు. నాకంటే కొన్నేళ్ళు చిన్న. నేను పీకి శుభ్రం చేసినచోట రంగు సరిచెయ్యడం అతని పని. ఆదివారం చర్చిలో పాటలు పాడేవాడు, మిగతా రోజులు నా దగ్గర పాడేవాడు. చేతిలో పనితనం ఉంది. కాని చెప్పిన పని చెప్పినంత చేసి ఆగడం అతనికి రాదు. ఇంకో పూత వెయ్యకపోతే అన్నం సహించదు. ఈ గుణం గుర్తుపెట్టుకోండి, ముందు ముందు దీనితో పని పడుతుంది.

నేను షెడ్డు మూసెయ్యడానికి కొంచెం ముందు సంగతి ఇది. వానాకాలం. ఒక తెల్ల వ్యాను వచ్చి ఆగింది. ముందు ఒకావిడ దిగింది. యాభై ఏళ్ళుంటాయి. నడుముకి కొంగు బిగించి, బండి మీద దెబ్బలాటకి వచ్చినదానిలా నిలబడింది. తరవాత స్టీరింగు వైపు నుంచి ఆవిడ భర్త దిగాడు. దిగి టైరు పక్కన నిలబడ్డాడు. ఆ రోజంతా అక్కడే నిలబడ్డాడు.

"అన్నయ్యగారూ, దీని మీద ఉన్నవన్నీ పోవాలండి. ఒక్కటి కూడా కనపడకూడదు" అంది.

నేను బండి వైపు తిరిగి చదివాను. రెండు పక్కలా మూరెడు అక్షరాలు. అంతిమయాత్ర. దాని కింద దణ్ణం పెడుతున్న రెండు చేతులు. వెనక తలుపు మీద ఇనప చట్రం ఒకటి. పోయినవాళ్ళు క్రైస్తవులైతే శిలువ ప్లేటు, హిందువులైతే శంఖుచక్రాల ప్లేటు, ఎవరిది వాళ్ళకి దూర్చుకోవడానికి. ఆ సమయానికి చట్రం ఖాళీగా ఉంది.

"ఎవరిదమ్మా బండి?"

"మాదేనండి. ఈయనది."

"తీసేశాక ఏం చేద్దామని?"

"టిఫిన్ బండి పెడతామండి. ఇడ్లీ, గారె, మైసూర్ బజ్జీ."

నిచ్చెన మీద ఇంకో కారు పైకప్పుకి రంగేస్తున్న మా పెయింటర్ పాట ఆపాడు. "ఇందులోనా అక్కా?"

"ఇందులో ఎందుకు తమ్ముడూ, బయట స్టాండు మీద పెట్టుకుంటాం. ఇందులో సామానే."

"ఏం సామాను?"

"పిండి."

అతను నిచ్చెన మీదే ఉండిపోయాడు. పాట మాత్రం మళ్ళీ ఎత్తుకోలేదు.

సంగతి ఆవిడే చెప్పింది. బాపట్లలో శవాలను ఉచితంగా తీసుకెళ్ళే సేవాసంఘం ఒకటుంది. ఆ సంఘం బండికి ఈయనే మొదటి నుంచి డ్రైవరు. ఇప్పుడు సంఘంవాళ్ళు కొత్త బండి కొన్నారు. కొత్త బండికి కుర్ర డ్రైవర్ని పెట్టుకున్నారు. ఇన్నాళ్ళ చాకిరీకి గుర్తుగా పాత బండి ఈయనకిచ్చి, శాలువా కప్పి పంపించారు.

"వేరేచోట డ్రైవరుగా చేరొచ్చుగా" అన్నాను.

"పెళ్ళి బండికి పిలుస్తారా అన్నయ్యగారూ ఈయన్ని? పొద్దున్నే ఈయన ఎదురొస్తే జనం ఇంట్లోకి వెళ్ళి కూర్చుని, మంచినీళ్ళు తాగి, మళ్ళీ బయల్దేరతారు. మా వీధిలో నీళ్ళ ఖర్చంతా ఈయన వల్లే."

టైరు పక్కనున్న మనిషి కాదనలేదు.

"ఇది నడిచిందా, బతుకుతాం. నడవలేదా, బండి పాతసామానుకి పోతుంది, మేము రేపల్లెలో మా తమ్ముడి వసారాలోకి పోతాం. మా మరదలి సంగతి మీకు తెలీదు" అంది. తెలియకపోయినా అర్థమయింది.

పని మొదలుపెట్టాను. బీడింగ్ మొండికేసింది కాని లొంగింది. చట్రం విప్పితే తలుపుకి బెజ్జాలు మిగిలాయి, పెయింటర్ పూడ్చాడు. అక్షరాలు పెచ్చులు పెచ్చులుగా వచ్చాయి. ఒక్కో అక్షరానికి ఒక్కో పూట. ఆవిడ రోజూ వచ్చి స్టూలు మీద కూర్చుని చూసేది. "ఇంకా 'యాత్ర' ఉందండి" అనేది, నాకు కనపడనట్టు.

అన్నీ పోయాక అసలు చిక్కు కనపడింది. బండి తెల్లదే. కాని ఇన్నేళ్ళ ఎండకి చుట్టూ తెలుపు వెన్నరంగుకి తిరిగింది. అక్షరాల కింద ఎండ తగల్లేదు కనక అక్కడ కొత్త బండి తెలుపు అలాగే ఉంది. స్టిక్కర్ లేదు. చదివితే మాత్రం అంతిమయాత్ర అనే ఉంది. ఇది మా పనిలో మామూలే. కాంపౌండు అని గరుకు ముద్ద ఒకటి ఉంటుంది, దానితో చుట్టూ ఉన్న పాత రంగు పొర అరగ్గొట్టాలి. ఎక్కువ రుద్దితే కింద రేకు బయటపడుతుంది. రుద్దాం. మధ్యాహ్నం ఎండలో నిలబెట్టి, దగ్గరగా, దూరంగా, వాలుగా చూశాం. ఏమీ లేదు. మీ ఇంటి ఫ్రిజ్ అంత తెల్లగా ఉంది.

తీసుకెళ్ళే రోజు ఆవిడ టైర్ల కింద నిమ్మకాయలు పెట్టి, గుమ్మడికాయ కొట్టింది. మా పెయింటర్ ఊరుకోలేక కళ్ళు మూసుకుని బండి మీద చెయ్యి వేసి పొడుగాటి ప్రార్థన చేశాడు. రెండూ సక్రమంగా పూర్తయ్యాయి. బండి స్టార్ట్ కాలేదు. తోశాం.

రేపల్లె బస్టాండు దగ్గర పెట్టారు. ఆ ఊళ్ళో బావమరిది ఇంట్లో తప్ప ఈయన మొహం ఎవరికీ తెలియదు. ఇడ్లీ మెత్తగా ఉందని, అల్లం చట్నీ బాగుందని నాలుగు రోజుల్లో పేరొచ్చింది. నేను సంతోషించి ఆ బండి సంగతి మర్చిపోయాను.

వానలు వెనకబట్టి చలి మొదలైంది. ఒకరోజు ఉదయం ఫోన్.

"అన్నయ్యగారూ, అవి మళ్ళీ వచ్చాయండి."

"ఏవమ్మా?"

"అక్షరాలు."

"పీకినవి ఎలా వస్తాయి?"

"అదే మిమ్మల్ని అడుగుదామని చేశాను."

మర్నాడు మొదటి రైలుకి పెయింటర్నీ తీసుకుని రేపల్లె వెళ్ళాను. ఆవిడ మాట్లాడకుండా మమ్మల్ని బండి పక్కకి తీసుకెళ్ళి చూపించింది. రాత్రి మంచు కురిసింది. బండి ఒంటి మీద మంచు సన్నటి చుక్కలుగా నిలిచి మసకగా ఉంది. అక్షరాలు ఉన్నచోట మాత్రం చుక్కలు నిలవకుండా నీరు పలచగా పరుచుకుంది. మూరెడు అక్షరాలతో, స్పష్టంగా, అంతిమయాత్ర. కింద రెండు చేతులు దణ్ణం పెడుతున్నాయి.

కాసేపటికి ఎండ వచ్చింది. మంచు ఆరింది. బండి మళ్ళీ ఫ్రిజ్ లా అయిపోయింది.

కారణం నాకు వెంటనే అర్థమయింది. కంటికి కనపడని జిగురు రంగులోని సన్న బెజ్జాల్లో ఇంకిపోయి ఉంటుంది. గుడ్డకి రాదు, చేతికి తగలదు. నీటికి తెలుస్తుంది. కాని అర్థమవడం వల్ల ఎవరికీ లాభం లేకపోయింది. ముందు రోజే ఒక పెద్దమనిషి ఇడ్లీ తింటూ చదివాడట. తినడం పూర్తి చేసి, ప్లేటు కడిగి, అక్కడ పెట్టి, బస్టాండు మొత్తానికి చెప్పి వెళ్ళాడట.

"ప్లేటు కూడా కడిగాడండి. అంత మర్యాదస్తుడు" అంది ఆవిడ.

"బండి మొత్తానికి కొత్త రంగు కొట్టాలి అన్నా, వేరే దారి లేదు" అన్నాడు పెయింటర్.

అది వాళ్ళ వల్ల కాదని అతనికీ తెలుసు. నేను నాకు తెలిసింది చెప్పాను. "ఒక్క వేసవి ఎండలో ఉంచు చెల్లెమ్మా. ఆ జిగురు ఎండిపోతుంది, తెలుపూ కలిసిపోతుంది. ఎండకి మించిన కాంపౌండు లేదు."

"వేసవి దాకా ఏం తినమంటారు?"

"మీ ఇడ్లీలున్నాయిగా" అన్నాడు పెయింటర్. ఆవిడ నవ్వలేదు. ఆమె భర్త మాత్రం కొంచెం నవ్వినట్టు అనిపించింది. రూఢిగా చెప్పలేను.

బండిని బాపట్ల దగ్గర సూర్యలంకకి మార్చారు. అది ఆవిడ ఆలోచనే. సముద్రానికి శని, ఆదివారాలు గుంటూరు నుంచి, తెనాలి నుంచి కార్లలో జనం వస్తారు. పొరుగూరివాళ్ళు కనక ఈయన్ని ఎరగరు. షికారుకి వచ్చేవాళ్ళు పొద్దున్నే లేవరు కనక వాళ్ళొచ్చేసరికి మంచు ఆరిపోతుంది. బండిని ఒక పక్క సరుగుడు కర్రల దడికి ఆనించి పెట్టారు. ఆ పక్క అక్షరాల బెడద పోయింది. రెండో పక్కకి ఎండే దిక్కు. ఇలా కొన్ని వారాలు బాగానే నడిచింది.

అప్పుడు కార్తీక పౌర్ణమి వచ్చింది.

మా వైపు వాళ్ళకి చెప్పక్కర్లేదు. ఆ రోజు సూర్యలంకలో ఇసుక కనపడదు. సముద్ర స్నానానికి తెల్లవారకముందే బస్సుల్లో, లారీల్లో, ట్రాక్టర్లలో వస్తారు. వచ్చినవాళ్ళలో ఉపవాసం ఉండేవాళ్ళు ఉంటారు. ఉండనివాళ్ళకి చన్నీళ్ళ స్నానం తరవాత వేసే ఆకలి ఎలాంటిదో చేసినవాళ్ళకి తెలుసు. టిఫిన్ బండికి ఏడాదిలో అలాంటి పొద్దు ఇంకొకటి ఉండదు. అదే పొద్దున మంచు కూడా ఉంటుంది. వచ్చేవాళ్ళంతా మడితో, నియమంతో, దీపాలు పట్టుకుని వచ్చేవాళ్ళు.

"ఆ పొద్దు నడిస్తే మా తమ్ముడి వసారా మర్చిపోవచ్చు. ఆ పొద్దు ఎవరైనా చదివారా, బాపట్ల నుంచి గుంటూరు దాకా మా బండి తెలిసిపోతుంది. మీరిద్దరూ వచ్చి మంచు తుడవాలి" అంది ఫోన్లో. అడిగినట్టు లేదు. చెప్పినట్టుంది.

ముందు రోజు సాయంత్రానికి చేరాం. ఆవిడ డేగిసాల నిండా పిండి పులియబెట్టింది. కార్తీకమాసం కనక ఉల్లిపాయ దగ్గరికి రానివ్వలేదు. నేను గుడ్డలు, బకెట్లు సర్దుకుని, టీ తాగొద్దామని బస్సులు ఆగేచోటికి వెళ్ళాను. వచ్చేసరికి బండి పక్క తళతళా మెరుస్తోంది. మా పెయింటర్ చేతిలో మైనం పాలిష్ డబ్బా ఉంది. ఖాళీది.

"ఏం చేశావురా?"

"పండగ పూట కదన్నా. డల్లుగా ఉంటే బాగుంటుందా? ఇంకో పూత వేశా."

అతన్ని అనడానికి మాటలు వెతుక్కుంటూ పడుకున్నాను. కొన్ని దొరికాయి. ఇక్కడ రాయను.

మైనం రాసిన రేకు మీద నీరు ముత్యాల్లా నిలబడుతుంది. జిగురు ఇంకినచోట మైనం పట్టదు. తెల్లవారుజామున లేచి చూస్తే ఆ బండి మీద ఒక్కో అక్షరం చుట్టూ ముత్యాలు పేర్చినట్టుంది. రేపల్లెలో చదవగలిగేలా ఉంది. సూర్యలంకలో చదవక తప్పనట్టుంది. నా బతుకులో అంత అందమైన అక్షరాలు చూడలేదు. మా టీచరమ్మ చూస్తే బడి పిల్లలకి చూపించేది.

గుడ్డతో తుడిచాను. తడి గుడ్డకి చుట్టూ ఆరింది, అక్షరాలు తడిగా మిగిలాయి. పొడి గుడ్డతో తుడిచాను. వెనకే మళ్ళీ మంచు దిగింది. పెయింటర్ ఊపిరి బిగపట్టి తుడుస్తున్నాడు, పాట లేదు. బండిని తిప్పేద్దామంటే టైర్లు ఇసుకలో దిగబడి ఉన్నాయి. దడి అవతల బస్సుల నుంచి జనం దిగుతున్న చప్పుడు మొదలైంది.

"మూసేద్దాం" అన్నాడు భర్త. ఆ మనిషి గొంతు నేను సరిగ్గా విన్నది అప్పుడే.

"ఏంటి మూసేది? పిండి పులిసింది."

"పారబోద్దాం. నలుగురిలో మాట పడలేను."

"ఇన్నాళ్ళూ పడలేదా?"

"అప్పుడు అన్నవాళ్ళకి ఏడుపొస్తా ఉండేది. ఏం అన్నా ఫర్వాలేదు. వీళ్ళు పండక్కొచ్చారు."

ఆవిడ సముద్రం వైపు చూస్తోంది. నేనూ చూశాను. స్నానం చేసిన ఆడవాళ్ళు ఒడ్డుకు వస్తున్నారు. ఒళ్ళంతా తడి. మగాళ్ళు ఎక్కడపడితే అక్కడ తువ్వాలు చుట్టుకుని లుంగీ మార్చేసుకుంటున్నారు. ఆడవాళ్ళకి చాటెక్కడుంది? ఒకావిడ చుట్టూ ముగ్గురు దుప్పటి పట్టుకుని నిలబడ్డారు. గాలికి దుప్పటి వాళ్ళ మాట వినడం లేదు. వణుకుతూ, తిట్టుకుంటూ, బట్టల మూటలు గుండెలకి హత్తుకుని చాటు కోసం దిక్కులు చూస్తున్నారు.

"అన్నయ్యగారూ, తాడుందా?"

తాళ్ళు నా సంచిలో ఎప్పుడూ ఉంటాయి. బండి పైనున్న కేరియర్ కి ఒక కొస, ఎదురుగా ఉన్న రెండు సరుగుడు చెట్లకి మిగతావి కట్టించింది. వ్యానులో నుంచి తన చీరలు, పక్కదుప్పట్లు, బియ్యం మూటల మీద కప్పే పట్టా అన్నీ తెచ్చి వాటి మీద వేసింది. చూస్తుండగా బండి పక్కన ఒక గది లేచింది. మూడు గోడలు గుడ్డ, నాలుగో గోడ బండి. అక్షరాలు లోపల పడ్డాయి.

"లోపలున్నవాళ్ళు చదవరా?" అన్నాను.

"తడి చీర పళ్ళతో పట్టుకున్నది చదువుద్దా అన్నయ్యగారూ?"

తరవాత ఒడ్డు వైపు తిరిగి గొంతెత్తింది. "అమ్మా, అక్కా, బట్టలు మార్చుకునేవాళ్ళు ఇటు రండమ్మా! చాటుంది! మగాళ్ళు అటు పొండయ్యా!" ఆ రెండో మాట నాకూ పెయింటర్కీ కూడా వర్తించింది. మేము దూరంగా వెళ్ళి నిలబడ్డాం.

ఆడవాళ్ళు వరస కట్టారు. వణుకుతూ లోపలికి వెళ్ళేవారు, పొడి చీరతో, పొడి మొహంతో బయటికి వచ్చేవారు. వచ్చినవాళ్ళకి ఎదురుగా ఇడ్లీ ఆవిరి. చాటు ఇచ్చిన మనిషి దగ్గర కాక ఇంకెక్కడ తింటారు? వాళ్ళ వెనక మగాళ్ళు వచ్చారు. పక్కనున్న బండ్లవాళ్ళు మెడలు చాచి చూశారు. భర్త ఇడ్లీ రేకులు దింపుతున్నాడు, ఎక్కిస్తున్నాడు, తలెత్తడం లేదు. పెయింటర్ ప్లేట్లు కడిగాడు. ఒకసారి కడిగినదాన్ని ఇంకోసారి కడిగాడు.

ఆ పొద్దున వాళ్ళని అందరూ అడిగిన ప్రశ్న ఒక్కటే. "చట్నీలో ఉల్లిపాయ వెయ్యలేదుగా?"

"రామ రామ, కార్తీకమాసం కదమ్మా" అనేది ఆవిడ.

"అదీ. ఎక్కడపడితే అక్కడ తినలేం కదా. నిష్ఠగా ఉన్నచోట తినాలి" అంది తెనాలి నుంచి వచ్చిన ఒక లావుపాటావిడ, అంతిమయాత్ర బండి వెనక తలుపుకి వీపు ఆనించి.

ఎండ ఇంకా ముదరలేదు. అప్పుడు చాటులో నుంచి ఒక పెద్దావిడ బయటికి వచ్చింది. డెబ్భై దాటి ఉంటుంది. అందరిలా వెంటనే రాలేదు, కాసేపు లోపలే ఉంది. బట్టలు మార్చుకున్నాక కూడా ఉంది. వచ్చి తిన్నగా ఇడ్లీ రేకుల దగ్గరికి వెళ్ళి భర్త మొహంలోకి చూసింది.

"ఏమయ్యా, నువ్వు మా బాపట్ల డ్రైవరువి కదూ?"

ఆయన ఆవిరి రేకు అలాగే పట్టుకుని తలాడించాడు.

"ఇది ఆ బండేగా?"

మళ్ళీ తలాడించాడు. అబద్ధం ఆడే వీలు ఆ మెడలో లేదు.

"ఏ బండి పిన్నిగారూ?" అంది లావుపాటావిడ.

"శవాల బండి" అంది పెద్దావిడ, బస్సు నంబరు చెప్పినంత మామూలుగా.

తింటున్నవాళ్ళ చేతులు ఆగాయి. లావుపాటావిడ వీపు బండి నుంచి మెల్లగా వేరయింది. మా చెల్లెమ్మ గరిటె పట్టుకుని నిలబడింది. నేను పెయింటర్ వైపు చూశాను. అతను కళ్ళు మూసుకున్నాడు, ప్రార్థన మొదలుపెట్టినట్టున్నాడు.

పెద్దావిడ ఎవరినీ పట్టించుకోలేదు. ఆయనతోనే మాట్లాడుతోంది. "మా ఇంటాయన పోయిన రోజు తుపాను. వీధిలో మోకాళ్ళ లోతు నీళ్ళు. చుట్టాలు రాలేదు, మోసే నలుగురు దొరకలేదు. నువ్వొక్కడివే వచ్చావు. బండి నీళ్ళలో ఆగిపోతే దిగి తోశావు. గుర్తుందా?"

"గుర్తుందండి. మెట్లున్న ఇల్లు."

"అదే. పని అయ్యాక కాఫీ ఇస్తే తాగలేదు నువ్వు."

"తాగకూడదండి. మా పద్ధతి."

"నాకు కష్టంగా ఉండేది ఎప్పుడూ. అంత చేసినవాణ్ణి ఒట్టి నోటితో పంపానని." ఆవిడ స్టూలు లాక్కుని కూర్చుంది. "నాకు రెండు ఇడ్లీ పెట్టు. ఒకటి నువ్వు తిను. నా ఎదురుగా తిను."

ఆయన భార్య వైపు చూశాడు. ఆవిడ కొంగుతో ముక్కు తుడుచుకుంది. "చూస్తావేంటి? పెద్దావిడ చెప్పింది, తిను" అంది కోపంగా.

తిన్నాడు. నిలబడే, మా అందరి ముందూ, ఇడ్లీ చేత్తో తుంచుకుని, తలొంచుకుని తిన్నాడు.

ఇలాంటిచోట జనమంతా కరిగిపోయి చప్పట్లు కొట్టారని రాస్తే మీకు బాగుంటుంది. అలా జరగలేదు. కొంతమంది ప్లేట్లు దించి వెళ్ళిపోయారు. ఒకాయన పక్కకి వెళ్ళి నోరు పుక్కిలించాడు. లావుపాటావిడ నిలబడి కొంచెంసేపు ఆలోచించింది. అప్పటికే ఆరు తిన్నది. ఇప్పుడు మానితే తిన్నవి తినకుండా పోవు. "ఉల్లిపాయైతే లేదుగా" అని ఇంకోసారి అడిగి నిశ్చయం చేసుకుని, చట్నీ వేయించుకుంది. ఆమె తింటే ఆమెతో వచ్చిన బస్సు వాళ్ళూ తిన్నారు. చాటు దగ్గర వరస చెదరలేదు. ఒడ్డు నుంచి వచ్చే ఆడవాళ్ళకి ముందు పొడి చీర కావాలి, మిగతా సంగతులు తరవాత.

పిండి అయిపోయింది. అంతకంటే నేను లెక్క చెప్పలేను. వసారా మాట మళ్ళీ ఆవిడ నోట రాలేదు.

పెద్దావిడ తీరిగ్గా తిని, చెయ్యి కడుక్కుని, తడి బట్టల మూట చంకన పెట్టుకుంది.

"వెళ్ళొస్తా నాయనా."

ఆయన బొమ్మలా నిలబడ్డాడు. చావు జరిగిన ఇంటి నుంచి బయల్దేరేటప్పుడు వెళ్ళొస్తామని అనకూడదు, రమ్మని వాళ్ళూ అనకూడదు, మీకూ తెలుసు. ఆయన ఇన్నేళ్ళుగా వెళ్ళినవన్నీ అలాంటి ఇళ్ళే. ఆ మాట ఆయనతో అన్నవాళ్ళు లేరు.

భార్య మోచేత్తో పొడిచింది. "రమ్మను."

"మళ్ళీ రండమ్మా" అన్నాడు.

"వస్తా. ఇడ్లీకి వస్తా. ఇది ఎక్కడానికైతే ఇంకా టైముందిలే."

ఆయన కంగారుపడ్డాడు. "అయ్యో, ఆ పనికి ఇది రాదండి ఇప్పుడు. సంఘంవాళ్ళు కొత్త బండి కొన్నారు. చాలా బాగుంటదండి. లోపలంతా ఏసీ."

పెద్దావిడ ఆగి ఆ సంగతి కాస్త ఆలోచించింది.

"నాకు ఏసీ పడదయ్యా" అని, మూట సర్దుకుని బస్సు వైపు వెళ్ళింది.